లియాన్‌లో కొట్టిన వెండి, నల్గొండలో దొరికిన కుండ

రోమన్ నాణేలు పోగుచేసే సరదా ఉన్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ళలో మళ్ళీ శాఖలూ, ఉపశాఖలూ! ఒకాయనకి నీరో బొమ్మ ఉన్నవి మాత్రమే కావాలి. ఇంకొకాయనకి ఫలానా ఊరి టంకశాలలో కొట్టినవే కావాలి, మిగతావి ఊరికే ఇచ్చినా వద్దంటాడు. అలెగ్జాండ్రియా వాళ్ళు వేరు, అంటియోక్ వాళ్ళు వేరు, లియాన్ వాళ్ళు వేరు. రోమ్ నగరంలో కాకుండా సామ్రాజ్యంలో దూరంగా ఎక్కడో ఉన్న ఊళ్ళలో కొట్టిన నాణేలంటే వీళ్ళకి అదో పిచ్చి.

చైతన్యపురిలో కూర్చుని, పొద్దున లేస్తే మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి పోయే సాఫ్ట్‌వేర్ వాడికి ఈ గోల ఎందుకు అంటారా? ఎందుకంటే ఆ లియాన్ టంకశాల సరుకు పెద్ద మొత్తంలో ఒకే చోట దొరికిన జాగాల్లో ఒకటి మన నల్గొండ జిల్లాలో ఉంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీ నగర్ మీదుగా పోయే విజయవాడ రోడ్డు నేరుగా ఆ జిల్లాలోకే పోతుంది. మన పక్కనుంచి పారే మూసీ (వాసన సంగతి పక్కన పెట్టండి) కూడా ఆ జిల్లా దాటుకుంటూ వెళ్ళి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మన పేటకీ రోమ్‌కీ చుట్టరికం కలపడానికి నాకు ఈ మాత్రం చాలు :-)

ఆ ఊరి పేరు అక్కనపల్లి. అక్కడ దొరికిన కుండలో 1531 రోమన్ వెండి నాణేలున్నాయి. నాణేల పరిశోధకుల్లో పెద్దమనిషి పరమేశ్వరీలాల్ గుప్తా వీటిని పరిశీలించి రాసిన పుస్తకం 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం సిరీస్‌లో వచ్చింది. తెలుగు నేల మీద దొరికిన రోమన్ నాణేల గురించి ఇప్పటికీ ఎవరు మాట్లాడినా ముందు ఆ పుస్తకం దగ్గరికే పోవాలి.

1531 అంటే ఎంతో కాస్త లెక్క కడదాం. ఈ వెండి నాణేన్ని దెనారియస్ అంటారు. అగస్టస్, టైబీరియస్ కాలంలో ఒక్కోటి సుమారు 3.8 గ్రాములు. అంటే కుండలో దాదాపు 5.8 కిలోల వెండి. అగస్టస్ కాలంలో రోమన్ సైనికుడి జీతం ఏడాదికి 225 దెనారియస్‌లు. అంటే ఒక సిపాయి దాదాపు ఏడేళ్ళు కత్తి పట్టుకుని తిరిగితే వచ్చే డబ్బు మన నల్గొండలో మట్టి కింద పడుంది. కూలి డబ్బు కాదిది, ఎవరో పెద్ద వ్యాపారిదో, వ్యాపారుల శ్రేణిదో అయ్యుండాలి. లంకెబిందెల కథలు మనకి కొత్త కాదుగానీ బిందెలో రోమ్ చక్రవర్తి ఉండటం మాత్రం కొంచెం కొత్త.

అసలు తమాషా అంతా బొమ్మల్లో ఉంది. మన దేశంలో దొరికే తొలినాటి రోమన్ వెండి నాణేల్లో రెండంటే రెండే రకాలు రాజ్యమేలుతుంటాయి. మొదటిది అగస్టస్‌ది. బొమ్మ వైపు ఆకుల కిరీటంతో ఆయన తల, బొరుసు వైపు ఆయన మనవలిద్దరు గైయస్, లూషియస్ నిలబడి ఉంటారు, మధ్యలో డాళ్ళు, బల్లేలు. కూతురి కొడుకులిద్దర్నీ దత్తత తీసుకుని, నా తర్వాత వీళ్ళే అని లోకానికి చెప్పుకున్నాడు పాపం. లూషియస్ క్రీ.శ. 2లో, గైయస్ క్రీ.శ. 4లో పోయారు. వారసుల ప్రకటన వట్టిదైపోయింది, నాణేలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. రెండో రకం టైబీరియస్‌ది. ఒక వైపు ఆయన తల, రెండో వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, చుట్టూ 'పాంటిఫ్ మాక్సిమ్' అన్న అక్షరాలు. సీజరుది సీజరుకు ఇవ్వండి అని బైబిల్లో ఏసు చూపించిన నాణెం ఇదేనని చాలామంది నమ్మకం. అందుకే విదేశాల్లో దీనికి గిరాకీ ఎక్కువ.

ఈ రెండు రకాలూ రోమ్‌లో కొట్టినవి కావు. గాల్ దేశంలోని లుగ్దునుమ్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్సులోని లియాన్ నగరంలో కొట్టినవి. రోమన్లు తమ వెండి బంగారు నాణేలు అక్కడ కొడతారని ఆ రోజుల్లోనే స్ట్రాబో రాశాడు. టంకశాల కాపలాకి ప్రత్యేకంగా ఒక సైనిక దళమే ఉండేది. రైన్ నది సరిహద్దులో ఉన్న దండుకి జీతాలివ్వాలి, స్పెయిన్ గనుల్లోంచి వెండి రావాలి, రెండింటికీ అనువైన చోటు అది. నీరో కాలానికి ఈ పని మళ్ళీ రోమ్‌కి మారిపోయింది.

ఇప్పుడు చిక్కుముడి. రోమన్ సరుకు ఇండియాకి వచ్చిందంటే ఏ దారిన వచ్చింది? ఈజిప్టు దారిన. నైలు మీద కోప్టోస్ దాకా, అక్కణ్ణించి ఒంటెల మీద ఎడారి దాటి ఎర్ర సముద్రపు రేవులకి, అక్కడ ఓడెక్కి నైరుతి ఋతుపవనాలతో మన పడమటి తీరానికి. మ్యోస్ హోర్మోస్ అనే ఒక్క రేవు నుంచే ఏడాదికి 120 ఓడలు ఇండియాకి పోతున్నాయని స్ట్రాబో లెక్క. మరి ఈజిప్టులో అలెగ్జాండ్రియా ఉంది, అక్కడ పెద్ద టంకశాల ఉంది, టైబీరియస్ కాలం నుంచి టెట్రాడ్రాక్మ్‌లు కుప్పలుగా కొట్టింది. దారిలో ఉన్న దుకాణం అది! అయినా మన దగ్గర కుండల్లో కనపడేది అలెగ్జాండ్రియా డబ్బు కాదు, ఎక్కడో ఐరోపా నడిబొడ్డున కొట్టిన డబ్బు. లియాన్ నుంచి మధ్యధరా సముద్రం దాటి, ఈజిప్టు దాటి, ఎర్ర సముద్రం దాటి, అరేబియా సముద్రం దాటి, పడమటి కనుమలెక్కి దిగి నల్గొండకి వచ్చింది.

దీనికి జవాబు ఈజిప్టు డబ్బు వ్యవస్థలో ఉంది. టాలెమీల కాలం నుంచీ ఈజిప్టుది తలుపులేసుకున్న వ్యవస్థ. బయటి నాణెం లోపల చెల్లదు, లోపలి నాణెం బయట ఎవడూ తీసుకోడు. దేశంలోకి వచ్చినవాడు తన డబ్బు మార్చుకోవాల్సిందే. రోమన్లు ఈజిప్టుని ఆక్రమించాక కూడా ఈ ఏర్పాటు మార్చలేదు, ప్రభుత్వానికి లాభం కదా మరి. అలెగ్జాండ్రియా టెట్రాడ్రాక్మ్‌లో వెండి తక్కువ, రాగి ఎక్కువ. ఈజిప్టు లోపల ప్రభుత్వం చెప్పిన విలువకి చెల్లుతుందిగానీ, భరుకచ్ఛంలోనో ముచిరిలోనో మన షరాబు గీటురాయి మీద గీసి చూస్తే దాని బండారం బయటపడుతుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఆ కరెన్సీ లోకల్‌హోస్ట్‌లోనే రన్ అవుతుంది. లియాన్ దెనారియస్ అలా కాదు, దాదాపు స్వచ్ఛమైన వెండి. రాజు ఎవడైనా, భాష ఏదైనా, తూకం వేస్తే విలువ తేలిపోతుంది. అందుకే వ్యాపారులు దాన్ని ఈజిప్టులో ఖర్చుపెట్టకుండా మూటగట్టి ఇటు దాటించారు.

మనవాళ్ళు దాన్ని డబ్బుగా చూశారా, సరుకుగా చూశారా అన్నది పండితుల మధ్య పాత తగువు. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్‌లో ఒక మాటుంది. భరుకచ్ఛానికి బంగారు, వెండి దెనారియస్‌లు తెస్తే స్థానిక డబ్బుతో మార్చుకున్నప్పుడు కొంత లాభం మిగులుతుందట. మారకం రేటు చూసుకుని తెచ్చారన్నమాట. అదే పుస్తకంలో మచిలీపట్నం ప్రాంతాన్ని మసాలియా అన్నాడు, అక్కడ సన్నని బట్ట విరివిగా తయారవుతుందన్నాడు. తగర, అంటే మహారాష్ట్రలోని తేర్, అక్కడికి తీర ప్రాంతాల నుంచి సరుకు చేరి బళ్ళ మీద భరుకచ్ఛానికి పోతుందని కూడా ఉంది. మసాలియా నుంచి తేర్ వైపు గీత గీస్తే అది తెలంగాణ మధ్యలోంచే పోతుంది. అక్కనపల్లి కుండ ఆ గీతకి దగ్గర్లో దొరకడం నాకేమీ ఆశ్చర్యంగా లేదు.

ప్లినీ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇండియా మన దగ్గర్నుంచి ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు గుంజుకుపోతోంది అని ఆయన ఏడ్చిన ఏడుపు చాలా పుస్తకాల్లో కనపడుతుంది. మన దేశభక్తులకి ఆ వాక్యమంటే మహా ప్రీతి. నాలుగు సెస్టర్స్‌లు ఒక దెనారియస్. అంటే ఏటా కోటీ పాతిక లక్షల దెనారియస్‌లు, వెండిలో లెక్కేస్తే దాదాపు 47 టన్నులు. మన దేశంలో ఇప్పటిదాకా దొరికి నమోదైన రోమన్ వెండి మొత్తం వేలల్లోనే ఉంది. కరిగించినవి పోయినా, ఇంకా భూమిలో ఉన్నవి ఉన్నా, ఈ రెంటికీ మధ్య దూరం చాలా ఎక్కువ. అంతా నాణేల రూపంలో రాలేదు, వైన్, గాజు, పగడం, రాగి కూడా వచ్చాయి. పైగా ప్లినీ నీతిబోధకుడు, పట్టుబట్టలు కట్టుకునే రోమన్ ఆడవాళ్ళ మీద కోపంతో రాశాడు. ఆ అంకెని ఆడిట్ రిపోర్టులా చదవడం నా మటుకు నాకు నచ్చదు.

ఆయనే చెప్పిన ఇంకో కథ మాత్రం నాకు చాలా ఇష్టం. ఒక రోమన్ పన్నుల గుత్తేదారు తాలూకు మనిషి గాలివానకి కొట్టుకుపోయి సింహళం చేరాడు. అక్కడి రాజు ఇతని దగ్గరున్న దెనారియస్‌లు చూసి ముచ్చటపడ్డాడట. వాటి మీద వేర్వేరు మనుషుల బొమ్మలున్నాయి, అయినా బరువు మాత్రం అన్నీ సమానం. రాజులు మారినా తూకం మారలేదంటే వీళ్ళు నమ్మదగ్గవాళ్ళు అనుకున్నాడట. కథ నిజమో కాదో, అందులో ఉన్న తర్కం నిజం. తర్వాత నీరో వచ్చి క్రీ.శ. 64 ప్రాంతంలో బరువూ తగ్గించాడు, వెండి పాళ్ళూ తగ్గించాడు. ఆ తర్వాతి వెండి మన దగ్గర బాగా పల్చబడిపోతుంది. తెలిసిన వాళ్ళందరూ పాతవే అడిగారన్నమాట. జర్మన్ తెగలవాళ్ళు కూడా పాత నాణేలే కావాలంటారని టాసిటస్ రాశాడు. రైన్ అవతలి అడవి మనిషికీ, కృష్ణ ఒడ్డు వ్యాపారికీ ఒకటే అనుమానం! క్రీ.శ. 107 ప్రాంతంలో ట్రాజన్ పాత వెండిని వెనక్కి రప్పించి కరిగించేశాక ఇక పంపడానికి పాతవి లేవు. రెండో శతాబ్దంలో మన వైపు వచ్చింది ఎక్కువగా బంగారమే.

తమిళనాడు బూదినత్తంలో దొరికిన 1398 వెండి నాణేల్లో 369 అగస్టస్‌వి, 1029 టైబీరియస్‌వి. మొత్తం ఇద్దరివే! అక్కనపల్లిదీ దాదాపు ఆ పోకడే. అలాగని ఈ కుండలన్నీ టైబీరియస్ కాలంలోనే పూడ్చారని కాదు, ఆ ముద్ర మీద నమ్మకంతో ఆయన పోయాక కూడా దశాబ్దాల పాటు ఆ నాణేలే పంపారని చాలామంది అభిప్రాయం. మరియా థెరీసా వెండి డాలర్ కథ చదివిన వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ మహారాణి 1780లో పోయింది, 1780 అని ముద్రించిన ఆమె నాణేన్ని ఇరవయ్యో శతాబ్దంలో కూడా అరేబియా, ఇథియోపియా వర్తకుల కోసం కొడుతూనే ఉన్నారు. నమ్మకం కుదిరిన డిజైన్‌ని ఎవడూ మార్చడు.

ఇక మనవాళ్ళ చేతిలో పడ్డాక వాటికేమయిందో చూడండి. కొన్నిటి మీద చక్రవర్తి మొహానికి అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉంటుంది. 1898లో పుదుక్కోట దగ్గర దొరికిన 501 బంగారు నాణేల్లో చాలా భాగానికి ఇలాంటి గాట్లున్నాయి. ఇది ఇక చెల్లదు, కరిగించడానికే అని గుర్తు పెట్టారని ఒక వాదన. లోపల రాగి ఉందేమో చూడ్డానికని ఇంకో వాదన. ఇంకొన్నిటి మీద చిన్న చిన్న గుర్తులు గుద్ది ఉంటాయి. మన పాత విద్ధాంక నాణేల మీద షరాబులు కొట్టే గుర్తుల్లాంటివే. రోమ్ చక్రవర్తి తల మీద మన షరాబు వెరిఫైడ్ స్టాంపు.

తర్వాత కాపీలు. లియాన్ నాణేన్ని చూసి మన కంసాలులు అచ్చు దింపారు. బొమ్మలు బాగానే వచ్చాయి. అక్షరాల దగ్గరికొచ్చేసరికి లాటిన్ రాదు కదా, గీతలూ సున్నాలూ వరసగా పేర్చేశారు. అర్థం తెలియని కోడ్‌ని ఎక్కణ్ణించో తెచ్చి అతికించే మా జాతి ఎంత పురాతనమైందో చూడండి. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో మట్టితో చేసిన టైబీరియస్ బిళ్ళలే దొరికాయి. ఆ ఊళ్ళో 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వం తరఫున గులాం యజ్దానీ తవ్వించాడు. శాతవాహన నాణేలు వేలల్లో, నాణేల అచ్చులు, పూసలు దొరికాయి. అక్కడ టంకశాల ఉండేదని ఆయన తేల్చాడు. ఈ మట్టి బిళ్ళలు కొనడానికి అమ్మడానికి కాదు, మెడలో వేసుకోడానికి. అసలు బంగారు నాణేలకి కూడా చాలావాటికి బెజ్జాలో, కొక్కేలో ఉంటాయి. కాసుల పేరు వేసుకునే ఆడవాళ్ళున్న ఇళ్ళల్లో పుట్టిన మనకి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. డబ్బు డబ్బే, నగా నగే, అవసరమైతే మళ్ళీ డబ్బే.

అన్నింటికన్నా నన్ను కట్టిపడేసింది నాగార్జునకొండ శాసనం ఒకటి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో ఉజ్జయిని రాజకుమార్తె రుద్రధర భట్టారిక మహాచైత్యానికి ఒక రాతి స్తంభంతో పాటు 170 దీనారీ మాషకాలు ఇచ్చినట్టు అందులో ఉంది. దీనారి అంటే మన దెనారియసే. లియాన్ టంకశాల మూతపడి రెండు వందల ఏళ్ళయ్యాక కృష్ణ ఒడ్డున ఒక రాణి దానపత్రంలోకి ఆ పేరు ప్రాకృతంగా వచ్చి కూర్చుంది. నాణెం అరిగిపోయింది, కరిగిపోయింది, మాట మిగిలింది. సాగర్ డ్యాం కింద మునిగిపోకముందు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వారు కాబట్టి మనకి చాలా సంగతులు తెలిశాయి. టైబీరియస్ బంగారు నాణెం కూడా అక్కడ దొరికింది.

ఇదంతా విని, మనవాళ్ళకి సొంత టంకశాలలు లేవేమో, రోమన్ల మీద ఆధారపడ్డారేమో అనుకునేరు. అదేం లేదు. కరీంనగర్ వైపు పెద్దబంకూరులో వి.వి. కృష్ణశాస్త్రి గారు 1968 నుంచి 1974 దాకా తవ్వినప్పుడు శాతవాహన నాణేలు వేల సంఖ్యలో వచ్చాయి, వాటితో పాటు రోమన్ నాణేలూ వచ్చాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో గోబద, నారన, కంవాయసిరి, సమగోప లాంటి పేర్లు, పురాణాలు శాతవాహన వంశానికి మొదటివాడని చెప్పే శిముకుడి పేరు నాణేల మీదే చదివారు. అంతకుముందు శిముకుడు పురాణాల్లోనూ, నానేఘాట్ గుహలో విరిగిన శిల్పం మీది అక్షరాల్లోనూ ఉన్న పేరు. ఇది ఏ యూనివర్సిటీ ప్రాజెక్టు వల్లో మొదలవలేదు. వానకి కొట్టుకొచ్చిన నాణేల్ని ఏరి, ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకున్న సంగనభట్ల నరహరి శర్మ గారి లాంటి స్థానికుల వల్ల, వాటిని చదివిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి వల్ల, వృత్తికి న్యూరోసర్జన్ అయి ఉండీ నాణేల మీద పుస్తకాలు రాసిన దేమె రాజారెడ్డి గారి వల్ల బయటికొచ్చింది. సేకరించేవాళ్ళంతా దొంగలు అనే వాళ్ళకి నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

మన చిల్లర మాత్రం వెండి కాదు, సీసం, రాగి, పోటిన్. బియ్యం, ఉప్పు కొనడానికి దెనారియస్ ఎవడు తీస్తాడు? సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో ఒక కుండ దొరికింది, అందులో 3730 సీసం నాణేలు. ఒక వైపు ఏనుగు, రెండో వైపు ఉజ్జయిని గుర్తు. అదే ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో చూపించారు. మన దగ్గర్నుంచి విజయవాడ బస్సెక్కి సూర్యాపేటకి పోయిన వాళ్ళలో ఎంతమంది అక్కడికి వెళ్ళారో మీరే చెప్పండి.

అన్నట్టు చైతన్యపురిలో కూడా ఒక ఫణిగిరి ఉంది. మూసీ ఒడ్డున కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట పేరు అదే. అక్కడ బండ మీద ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో విష్ణుకుండి గోవిందవర్మ కాలపు శాసనం ఉంది. గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం ప్రస్తావన, భిక్షువులకి గది కట్టించిన సంగతి అందులో ఉన్నాయి. హైదరాబాద్ నగరంలో దొరికిన శాసనాల్లో ఇదే పాతది అంటారు. మెట్రో దిగి ఆటోకి బేరమాడేంత దూరం. విష్ణుకుండుల నాణేలేమో ఇనప బిళ్ళ మీద రాగి పూత, దాని మీద సింహం. లియాన్ వెండి నుంచి ఇనప బిళ్ళ దాకా వచ్చాం, నాలుగు వందల ఏళ్ళలో.

ఇప్పుడు నాకు మంటపుట్టే విషయానికొస్తాను. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. పాత గుడి శిథిలం. తవ్వితే చిన్న కుండ, దాన్నిండా రోమన్ బంగారం. ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినా. అప్పటి మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ రాసిన ఉత్తరం 1790లో ఏషియాటిక్ రీసెర్చెస్ రెండో సంపుటంలో అచ్చయింది. ఏం రాశాడంటే, ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావాటిని కరిగించేశారు, ముప్పై చిల్లర మాత్రం నవాబు కొడుకు చేతికి చిక్కాయి. కొన్ని నిన్నే టంకశాలలోంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట, కొన్ని నగలకి వాడి బెజ్జాలు పడి ఉన్నాయట. గవర్నరుగారు వాటిలోంచి రెండు ఏరుకున్నారు. కుండలో మొత్తం ఎన్ని ఉన్నాయో ఇక ఎవరికీ తెలియదు. రైతుని తప్పుపట్టలేను. అతనికి తెలిసిన విలువ బంగారం ధర, దానికన్నా ఎక్కువిస్తామన్న వాడు అతని ముందు లేడు.

రెండు వందల నలభై ఏళ్ళు గడిచాక పరిస్థితి ఏమన్నా మారిందా? మనకి 1878 నాటి నిధుల చట్టం ఉంది. పది రూపాయలకి మించి విలువున్నది భూమిలో దొరికితే కలెక్టరుకి తెలపాలి. చెప్పకపోతే ఏడాది దాకా జైలు. ప్రభుత్వం తీసుకుంటే ఎంతిస్తుంది? లోహం విలువ, దాని మీద ఐదో వంతు. లియాన్ దెనారియస్ ఒకటి వెండి లెక్కన కొన్ని వందలు, మహా అయితే వెయ్యి చిల్లర. అదే బయటి దేశాల్లో సేకరించే వాళ్ళు కొన్ని వందల డాలర్లు పెడతారు. ఇక సీసం నాణేల లోహం ధర ఏం చెప్పాలి. దీనికి తోడు పోలీసులు, పంచనామా, ఊళ్ళో పుకార్లు, ఇంకా ఎక్కడ దాచావని ప్రశ్నలు. ఈ చట్టం రాసినవాడు కంసాలి కొలిమికి కమీషన్ ఏజెంటేమో అనిపిస్తుంది.

ఇంగ్లండులో 1996లో చట్టం మార్చుకున్నారు. నిధి దొరికితే మార్కెట్ ధర కట్టి, దొరికిన వాడికీ పొలం యజమానికీ ఇస్తారు. నిధి కాని చిన్నాచితకా వస్తువుల్ని కూడా స్వచ్ఛందంగా చూపిస్తే నమోదు చేసుకుని తిరిగి ఇచ్చేస్తారు. ఆ రికార్డులు పదిహేను లక్షలు దాటాయి, ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. అక్కడా దొంగ తవ్వకాలున్నాయి, మెటల్ డిటెక్టర్ రౌడీలున్నారు, కాదనను. కానీ నిజాయితీగా ఉండాలనుకున్న రైతుకి నిజాయితీ వల్ల నష్టం రాదు. మన దగ్గర వస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా ఉంది. నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, విదేశానికి పంపకూడదు, వ్యాపారానికి లైసెన్సు కావాలి. ఇది ఉండాల్సిందే. దొరికిన రోజున రైతు ఏం చేస్తాడు అన్న ప్రశ్నకి మాత్రం దీన్లో జవాబు లేదు.

దీనివల్ల సరుకు బజార్లోకి చాటుగా వస్తుంది, దాంతో పాటే నకిలీలు. ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, పక్కన గుడ్డ పరిచి నాణేలు పెట్టుకున్నతను పిలిచాడు. "సార్, రోమన్ది సార్. పొలంల దొరికింది. మీకైతే రెండు వేలు."

"ఏ ఊరి పొలం అన్నా?"

"గదంతా ఎందుకు సార్, మాల్ చూడుర్రి."

చూశాను. టైబీరియస్సే. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంది, అంటే రెండు సగాల పోతమూసలో పోసింది. దెబ్బకొట్టి చేసిన నాణేనికి ఆ గీత రాదు. ఉపరితలం మీద చీమ తలంత బుడగలున్నాయి. అక్షరాలు సబ్బు ముక్క మీద అక్షరాల్లా మెత్తగా ఉన్నాయి. నేను నవ్వితే అతనూ నవ్వాడు. నకిలీ అమ్మడం కన్నా నన్ను బాధపెట్టింది "గదంతా ఎందుకు" అన్న మాట. ఎందుకంటే అసలుదైనా సరే, ఊరు పేరు తెలియని టైబీరియస్ దెనారియస్ చరిత్రకి పనికిరాదు. అలాంటివి ప్రపంచంలో వేలున్నాయి. నల్గొండ జిల్లా ఫలానా ఊళ్ళో, ఇన్ని సీసం నాణేలతో కలిసి, ఇలాంటి కుండలో, గాటు పడి దొరికిన దెనారియస్ మాత్రం ఒక్కటే ఉంటుంది. అందుకే నేను రోమన్ నాణేలు కొనను. విదేశీ వేలం కేటలాగులు చూసి లొట్టలేస్తాను, అంతవరకే.

నేను పోగుచేసేది వేరే. ఒక ఎక్సెల్ షీట్ ఉంది. తెలుగు నేల మీద రోమన్ నాణేలు దొరికినట్టు అచ్చులో ఉన్న ప్రతి చోటూ ఒక వరస. 1904లో రాబర్ట్ సెవెల్ (విజయనగరం మీద పుస్తకం రాసినాయనే) వేసిన జాబితా, 1965 గుప్తా పుస్తకం, 1989 పౌలా టర్నర్ పుస్తకం, పురావస్తు శాఖ నివేదికలు, అన్నీ కలిపి. ఊరు, దొరికిన ఏడు, లోహం, చక్రవర్తి, టంకశాల, గాటు ఉందా లేదా, ఇప్పుడు ఎక్కడున్నాయి. ఆఖరి కాలమ్ నింపడం చాలా కష్టంగా ఉంది. నెల్లూరు వరసలో "కరిగించారు" అని రాసుకున్నాను.

మీ ఇళ్ళల్లో అమ్మమ్మల కాసుల పేర్లలో ఎక్కడైనా మనకి తెలియని మొగమనిషి తల, చుట్టూ ఇంగ్లీషు లాంటి అక్షరాలు ఉన్న బిళ్ళ కనపడితే దయచేసి తోమకండి. చింతపండు అస్సలు పెట్టకండి. రెండు వైపులా పగటి వెలుతురులో ఫోటో తీయండి, కంసాలి త్రాసు మీద గ్రాముల్లో బరువు చూడండి, అది ఏ ఊరినుంచి వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి. బిళ్ళ మీ దగ్గరే ఉంచుకోండి. నాకు ఆ ఊరి పేరు చెబితే చాలు.